గోధుమలు ఇటొచ్చాయి... పుస్తకాలు అటెళ్లాయి!

షికాగో చూడబోయిన తెలుగువాళ్ల తిరుగుడంతా దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటిరోజు విల్లిస్ టవర్. (2009లో పేరు మారినా చాలామంది నోట అది ఇంకా సియర్స్ టవరే!) రెండోరోజు మిషిగన్ సరస్సు ఒడ్డున ఫొటోలు. శని, ఆదివారాల్లో అరోరాలో బాలాజీ గుడి, లెమాంట్‌లో రాముడి గుడి, వీలు చూసుకుని డేవన్ అవెన్యూలో కందిపప్పు, కరివేపాకు. పిల్లలు ఉద్యోగాలకెళ్లిపోతే అమ్మానాన్నలకు మిగిలేది టీవీ.

అదే ఊళ్లో తెలుగు పుస్తకాలు వరసలు వరసలుగా కొలువుదీరిన చోటు ఒకటుందని చాలామందికి తెలియదు. తెనాలిలోనో, రాజమండ్రిలోనో, హైదరాబాదులోనో అచ్చయి, మన ఇళ్లలో చెదలకో పాతపేపర్ల తక్కెడకో బలైపోయిన పుస్తకాలు అక్కడ అట్ట నలగకుండా ఉన్నాయి. షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో.

ఊరి మధ్యలోని మిలేనియం స్టేషన్‌లో మెట్రా ఎలక్ట్రిక్ రైలెక్కి దక్షిణంగా వెళ్తే ఇరవై నిమిషాలకు అటూఇటుగా 59వ వీధి స్టేషన్ వస్తుంది. దార్లో ఎడమవైపు కిటికీలోంచి సరస్సు అక్కడక్కడా తొంగిచూస్తుంది. స్టేషన్ దిగి పడమటికి నడిస్తే పొడవాటి పచ్చిక మైదానం. పేరు మిడ్‌వే ప్లెజాన్స్. 1893లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు మొట్టమొదటి ఫెర్రిస్ చక్రం, అదే మన జాతరల్లో తిరిగే జెయింట్ వీల్‌కి ముత్తాత, ఇక్కడే తిరిగింది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ ఆ ప్రదర్శనను పురస్కరించుకుని జరిగిందే. సభాస్థలి మాత్రం ఇది కాదు, నగరం నడిబొడ్డున ఉంది.

మైదానం అంచున కోటలా కనిపించే భవనం హార్పర్ లైబ్రరీ. 1912లో తెరిచారు. 1970 దాకా విశ్వవిద్యాలయానికి ఇదే ప్రధాన గ్రంథాలయం. దీని నేలమాళిగలో జరిగిన ఓ చిన్న సంఘటన చెప్పుకుని ముందుకెళ్లాలి.

1962లో ఓ శనివారం ఎ.కె.రామానుజన్ అక్కడి అలమారుల మధ్య తిరుగుతున్నారు. మైసూరులో పుట్టి పెరిగిన ఆయన, ఇంట్లో తమిళం, వీధిలో కన్నడం, చదువులో ఇంగ్లిషు వాడినవారు. అప్పుడే షికాగోలో అధ్యాపకుడిగా చేరారు. ఆయనకు కావలసింది ప్రాచీన తమిళానికి ఓ వ్యాకరణ పుస్తకం. చేతికి తగిలింది వేరొకటి... ఉ.వే.స్వామినాథ అయ్యర్ పరిష్కరించగా 1937లో అచ్చయిన 'కుఱుంతొగై' అనే సంగకాలపు కవితా సంకలనం. అలమారుల మధ్య నేల మీదే చతికిలబడి చదవడం మొదలుపెట్టారు. 1967లో 'ది ఇంటీరియర్ లాండ్‌స్కేప్' పేరుతో ఆయన ఇంగ్లిషు అనువాదాలు వెలువడ్డాక, ఆ కవితలు ప్రపంచమంతటా పాఠకులను సంపాదించుకున్నాయి. తమిళనాడులో పెద్ద పండితులు జీవితాలు ధారపోసి కాపాడిన కవిత్వం ఆయనకు దొరికింది అమెరికా నేలమాళిగలో! వెతికింది ఒకటి, దొరికింది ఒకటి. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీనితో పనుంది.

అణువు పుట్టిన చోట...

హార్పర్ దాటి, విశ్వవిద్యాలయ ప్రాంగణం మధ్యగా ఉత్తరానికి నడిస్తే 57వ వీధిలో బూడిదరంగు సున్నపురాయి భవనం అడ్డొస్తుంది. గోడల నిండా నిలువు గాళ్లు. అందంగా ఉందనేవాళ్లకంటే గంభీరంగా ఉందనేవాళ్లే ఎక్కువ. అదే రెగెన్‌స్టైన్ లైబ్రరీ. వాల్టర్ నెట్ష్ అనే వాస్తుశిల్పి రూపకల్పన. 1970లో ప్రారంభమైంది. నేల మీద అయిదంతస్తులు, కింద రెండు.

ఇంతకీ ఈ స్థలం పూర్వం ఓ ఫుట్‌బాల్ మైదానం. 1942 డిసెంబరు 2న దాని గ్యాలరీ కిందే ఎన్‌రికో ఫెర్మీ బృందం మానవ చరిత్రలో మొదటిసారిగా అదుపులో నడిచే అణు శృంఖల చర్యను సాధించింది. దానికి గుర్తుగా హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం పక్క వీధిలో ఉంది. ఓ వైపు నుంచి పుర్రెలా, ఓ వైపు నుంచి పుట్టగొడుగు మేఘంలా కనబడుతుంది. అణుయుగం మొదలైన నేల మీద ఇప్పుడు పుస్తకాలు ఉన్నాయి.

అయిదో అంతస్తు దక్షిణాసియా పుస్తకాలది. అక్కడికి తెలుగు ఎలా చేరింది? జవాబు రేషన్ షాపులో ఉంది.

1950లు, 60ల్లో మనకు తిండిగింజల కొరత. డాలర్లు పోసి కొనే స్తోమత లేదు. 1954లో అమెరికా చేసిన 'పబ్లిక్ లా 480' అనే చట్టం ప్రకారం గోధుమలు ఇచ్చి, వెల రూపాయల్లో పుచ్చుకునే ఏర్పాటు జరిగింది. ఆనాటి రేషన్ క్యూల్లో నిలబడ్డవాళ్లకు 'పీఎల్ 480 గోధుమలు' అన్న మాట ఇప్పటికీ గుర్తే. మన పొలాల్ని పట్టి పీడించే వయ్యారిభామ మొక్క ఆ గోధుమలతోనే దిగిందని పల్లెల్లో చెప్పుకుంటారు. సరే, అటువైపు చూస్తే అమెరికా ఖాతాలో గుట్టలుగా రూపాయలు. వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలి? 1958లో చట్టాన్ని సవరించి, అందులో కొంత సొమ్ముతో పుస్తకాలు కొనే వీలు కల్పించారు. 1962లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ ఢిల్లీలో ఓ కార్యాలయం తెరిచింది. భారతీయ భాషల్లో కొత్తగా వస్తున్న నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు, ప్రభుత్వ నివేదికలు కొని పెట్టెల్లో సర్ది అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలైంది. షికాగో, దానికి రెండువందల పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు సాహిత్యం బోధించిన మాడిసన్, ఇంకా మరికొన్ని ఆ పెట్టెలు అందుకున్నాయి. 1980ల్లో ఆ రూపాయలు నిండుకున్నాయి. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు సొంత డబ్బుతో కొనసాగించాయి.

ఇంకో తమాషా. అమెరికా గ్రంథాలయాల వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య ఎంతో తెలుసా? పీఎల్ 4780! చట్టం సంఖ్యకు ఓ ఏడు అడ్డంగా దూరినట్టుంది. కాకతాళీయమే. ఆ వర్గీకరణలో 'పీఎల్' అంటే తూర్పు ఆసియా, ఆఫ్రికా భాషల గుంపు. ద్రావిడ భాషలనూ అందులోనే చేర్చారు. హిందీ, సంస్కృతం వేరే గుంపు, 'పీకే'. అందుకే అక్కడ తెలుగు ఇరుగుపొరుగున హిందీ లేదు, చైనా, జపాన్ ఉన్నాయి.

సీతమ్మకు 'హెచ్' లేదు

పుస్తకాలున్నాయి. మరి కనిపెట్టడం ఎలా? అసలు చిక్కంతా ఇక్కడే.

అక్కడ చదువుకుంటున్న ఓ తెలుగమ్మాయి ఉందనుకుందాం. వాళ్ల తాతయ్య 1960ల్లో తెనాలిలో సొంత ఖర్చుతో ఓ నవల అచ్చేయించారు. పేరు 'చెరువు గట్టు' అనుకుందాం. ఇంట్లో ఒక్క ప్రతీ మిగల్లేదు. ఉన్న ఒకటీ ఎవరో చదివిస్తామని పట్టుకెళ్లారు, ఇవ్వలేదు. మన ఇళ్లలో ఇలాంటి కథ లేనివి తక్కువ. షికాగోలో ఉందేమో చూడమని అమ్మ ఫోన్లో చెప్పింది. అమ్మాయి లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు తెరిచింది. దీనికి అక్కడ విద్యార్థే కానక్కర్లేదు. ఆ కేటలాగును తెనాలిలోని అమ్మయినా తెరిచి వెతకొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

తెలుగు లిపిలో కొట్టింది. ఏమీ రాలేదు. దశాబ్దాల పాటు ఈ రికార్డుల్ని రోమన్ లిపిలోనే తయారుచేశారు కాబట్టి పాత పుస్తకాలు తెలుగు లిపికి పలకవు. ఇంగ్లిషు అక్షరాల్లో, మనందరం రాసినట్టే 'సి హెచ్' అని మొదలుపెట్టి కొట్టింది. అయినా రాలేదు. లేదు కాబోలనుకుని చాలామంది మూసేసేది ఈ దగ్గరే!

కేటలాగు తయారుచేసినవాళ్లకు ఓ లెక్క ఉంది. తెలుగులో ఒక్క అక్షరానికి రోమన్‌లో ఒక్క గుర్తు. 'చ'కు ఒట్టి 'సి' చాలు. పక్కన 'హెచ్' వచ్చిందంటే అది ఒత్తు 'ఛ'. అలాగే 'త'కు 'టి' మాత్రమే, 'హెచ్' తగిలిస్తే 'థ' అయిపోతుంది. దీర్ఘానికి అక్షరం రెండుసార్లు రాయరు, నెత్తిన ఓ గీత గీస్తారు. వెతికేటప్పుడు ఆ గీతలూ చుక్కలూ వదిలేసినా ఫర్వాలేదు. అంటే మన సీతమ్మ పెళ్లి శుభలేఖలో రెండు 'ఇ'లతో, ఓ 'హెచ్'తో రాసుకునే పేరు కేటలాగులో పొట్టిగా, నాలుగక్షరాల్లో ఉంటుంది. చలం పుస్తకాలు కావాలంటే 'సి'తో మొదలుపెట్టి 'హెచ్' మర్చిపోవాలి. కన్యాశుల్కంలోని 'శు'కు కూడా 'హెచ్' లేదు, 'ఎస్' మీద ఓ చిన్న గీతే. విశేషమేంటంటే బండి 'ఱ'కూ మామూలు 'ర'కూ తేడా చూపేది కింద గీసే గీత ఒక్కటే. వెతికేటప్పుడు గీతలు లెక్కలోకి రావు కనుక 'చెఱువు' అన్నా 'చెరువు' అన్నా ఒకటే. పండితులకు మింగుడుపడదు కానీ వెతికేవాళ్లకు సుఖం. ఇన్ని చెప్పుకుంటున్న ఊరి పేరునే చూడండి... మొదటి రెండు అక్షరాలు 'సి హెచ్', పలికేది మాత్రం 'షి'!

అమ్మాయి 'హెచ్' తీసేసి మళ్లీ కొట్టింది. ఇంకా రాలేదు.

కేటలాగు చేసేవాళ్లు పుస్తకం మొదటి పేజీలో ఎలా ఉంటే అలాగే ఎక్కిస్తారు. పేరు 'చెరువు గట్టు' అని విడిగా ఉందా, 'చెరువుగట్టు' అని కలిపి ఉందా? యంత్రానికి అవి రెండు వేరు పేర్లు. 'వేయిపడగలు' వెతికినా ఇదే తంటా. చివర 'ము' ఉందా, సున్న ఉందా అన్నది మరో తంటా. గురజాడ నాటకం పేరు 'కన్యాశుల్కము' అనీ అచ్చయింది, 'కన్యాశుల్కం' అనీ అచ్చయింది. అందుకే తెలివైనవాళ్లు మాట మొత్తం కొట్టరు, మొదటి నాలుగైదు అక్షరాలు రాసి నక్షత్రం గుర్తు పెడతారు. మిగతాది యంత్రమే నింపుకుంటుంది.

ఊళ్ల పేర్లదీ అదే వరస. మొదటి పేజీలో 'బెజవాడ' అని ఉంటే కేటలాగులోనూ బెజవాడే, విజయవాడ అని వెతికితే దొరకదు. మద్రాసు కొన్నిచోట్ల 'చెన్నపురి', కొన్నిచోట్ల 'మదరాసు'. అచ్చయిన సంవత్సరం పుస్తకంలో లేకపోతే వాళ్లే అంచనా వేసి బ్రాకెట్లలో '196-?' అని ప్రశ్నార్థకం పెడతారు. కచ్చితంగా 1964 అని వెతికేవాళ్లకు అది తగలదు. రచయిత పేరు ఇంటిపేరుతో మొదలవుతుందా, సొంత పేరుతోనా అన్నది రెండు రకాలుగానూ చూసుకోవాలి.

అన్నింటికంటే నవ్వొచ్చేది ప్రచురణకర్తల గడి. పుస్తకం మీద తెలుగులో 'పబ్లిషింగ్ హౌస్' అని ఉంటే, అది ఇంగ్లిషు మాటేనని తెలిసినా సరే, తెలుగు ఉచ్చారణ ప్రకారమే రోమన్‌లోకి మార్చి రాస్తారు. ఇంగ్లిషు ఇలా తెలుగు బడిలో చదివొచ్చి మళ్లీ ఇంగ్లిషులో కూర్చుంటుంది! సొంతంగా అచ్చేయించుకున్న రచయితలు వెనక వేసే 'ప్రతులకు' అన్న మాట, దాని పక్కన ఫలానా బుక్ హౌస్ అన్న పేరు కూడా యథాతథంగా ఎక్కి ఉంటాయి. చదువుతుంటే ఏలూరు రోడ్డు మీద పుస్తకాల కొట్ల ముందు నడుస్తున్నట్టే ఉంటుంది.

ఇదంతా తెలియక తప్పుగా రాశారని ఎవరైనా నొచ్చుకుంటే అది అన్యాయం. ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే ఏమవుతుందో మన దేశంలో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన వేలాది తెలుగు పుస్తకాల పేర్లు చూస్తే తెలుస్తుంది. అక్కడ ఒకే పుస్తకం నాలుగు స్పెల్లింగుల్లో నాలుగుచోట్ల ఉంటుంది. షికాగోలో నియమం కష్టమే కానీ, ఒకటే నియమం. ఓసారి నేర్చుకుంటే మాడిసన్‌లో, వాషింగ్టన్‌లో, అమెరికాలో ఎక్కడైనా అదే పనికొస్తుంది. ఓ పేరు ఎలా చదవాలో తేలకపోతే, అదే విశ్వవిద్యాలయం ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచిన నిఘంటువులున్నాయి. వాటిలో బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1903 ముద్రణ కూడా ఒకటి. తెలుగు మాట పక్కనే రోమన్ రూపమూ ఉంటుంది.

గాజు గోపురం కింద

కలిపి రాసి, చివర నక్షత్రం పెట్టి, భాష దగ్గర 'తెలుగు' ఎంచుకుని, ఊరి పేరు దగ్గర తెనాలి వేస్తే... అమ్మాయికి తాతయ్య నవల దొరికిందనుకుందాం. రికార్డు కింద కాల్ నంబరు, ఎక్కడుందో, ఎవరైనా తీసుకెళ్లారో లేదో ఉంటుంది. పుస్తకం మేడ మీద అలమారులో ఉందంటే లిఫ్టెక్కి అయిదో అంతస్తుకు వెళ్లి తీసుకోవచ్చు. అక్కడ రచయితలంతా రోమన్ అక్షరాల వరసలో ఉంటారు. 'సి' దగ్గర చలం, 'ఎస్' దగ్గర శ్రీశ్రీ. తాతయ్య పక్కన ఎవరున్నారో చూసి, వాళ్ల పుస్తకం కూడా తీసి తిరగేయొచ్చు.

రికార్డులో 'మన్సుయెటో' అని ఉంటే కథ వేరు. రెగెన్‌స్టైన్‌కు ఆనుకుని 2011లో కట్టిన గాజు గోపురం అది. హెల్ముట్ యాన్ రూపకల్పన. గోపురం కింద చదువుకునే హాలు మాత్రమే కనిపిస్తుంది. పుస్తకాలన్నీ దాని అడుగున, యాభై అడుగుల లోతులో, ఇనప పెట్టెల్లో ఉంటాయి. మొత్తం 35 లక్షల సంపుటాలు పట్టేంత చోటు. అక్కడికి పాఠకులు దిగరు, యంత్రాలే తిరుగుతాయి. కేటలాగులో మీట నొక్కితే క్రేను వెళ్లి పెట్టె పైకి తెస్తుంది, సిబ్బంది అందులోంచి పుస్తకం తీసిస్తారు. అయిదు నిమిషాల పని!

ఆ పెట్టెల్లో పుస్తకాలను సర్దింది భాషను బట్టీ కాదు, విషయాన్ని బట్టీ కాదు... సైజును బట్టి. తెలుగు నవల పక్కన జర్మన్ రసాయనశాస్త్రం ఉన్నా ఆశ్చర్యం లేదు. చోటు కలిసొస్తుంది, నిజమే. వేరే విశ్వవిద్యాలయాలు చోటు చాలక ఊరవతల గిడ్డంగుల్లో పడేసిన పుస్తకాల కోసం ఓ రోజో రెండ్రోజులో ఆగాల్సి వస్తుంటే, ఇక్కడ అన్నీ కాళ్ల కిందే ఉన్నాయి. అయితే రామానుజన్‌లా ఒకదాని కోసం వెళ్లి నేల మీద చతికిలబడి మరొకటి చదవడం ఆ పెట్టెల దగ్గర కుదరదు. కేటలాగులో కాల్ నంబర్ల వరస తిరగేసే వీలుంది కానీ, అక్కడ కనిపించేవి పేర్లే. అలమారులో ఉన్న పుస్తకం రికార్డు తప్పుగా రాసినా ఎప్పుడో ఎవరి కంటనో పడుతుంది. పెట్టెలోని పుస్తకం రికార్డులో ఒక్క అక్షరం తేడా వస్తే, లేనట్టే.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. విశ్వవిద్యాలయం కార్డు లేనివాళ్లు తిన్నగా లోపలికి వెళ్లలేరు, ప్రవేశ నియమాలు ముందే కనుక్కుని బయల్దేరాలి. ఎవరూ అడ్డుచెప్పనిది బయటి శిల్పం, గోపురం చూడ్డానికే. అమెరికాలోనే వేరే ఊళ్లో ఉంటే, అక్కడి పబ్లిక్ లైబ్రరీలో అడిగితే అంతర్ గ్రంథాలయ పద్ధతిలో తెప్పించే అవకాశం ఉంటుంది. 'వరల్డ్‌క్యాట్' అనే ఉమ్మడి కేటలాగులో ఏ పుస్తకం ఏ ఊళ్లో ఉందో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఢిల్లీ నుంచి పెట్టెలు వెళ్లడం 1962లో మొదలైంది కాబట్టి ఆ తర్వాత అచ్చయినవి దొరికే అవకాశం ఎక్కువ. ఇంకా పాతవాటికి లండన్ చూడాలి. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాల జాబితాను బార్నెట్ అనే పండితుడు 1912లోనే అచ్చేశాడు.

అమ్మాయి పుస్తకం అందుకుని మొదటి పేజీ ఫొటో తీసి ఇంటికి పంపిందనుకుందాం. అమ్మ నుంచి వెంటనే వచ్చే జవాబు ఊహించడం కష్టం కాదు: "వెనకట్ట కూడా తియ్యవే, తాతయ్య బొమ్మ ఉండాలి." అదొక్కటీ చెప్పలేం. పల్చటి అట్టల తెలుగు పుస్తకాలు నలిగిపోకుండా ఉండాలని అక్కడి గ్రంథాలయాలు చాలావాటికి పాత అట్ట తీసేసి గట్టి గుడ్డ బైండు వేయించాయి.